దొరకనివి తూకానికి

కేటలాగు యాప్ కంపెనీ తరఫున వచ్చిన ప్రవీణ్ పుస్తకాన్ని బోర్లా తిప్పి, వెనక అట్ట మీది బార్‌కోడు గీతల ముందు ఫోను పట్టుకున్నాడు. టింగుమని చిన్న చప్పుడైంది. గోడకు వేలాడదీసిన తెర మీద పుస్తకం పేరు, రచయిత పేరు, అచ్చయిన ఊరు, సంవత్సరం, పుటలు, ఎత్తు, విషయం ఒకదాని కింద ఒకటి వచ్చి నిలబడ్డాయి. పక్కన ఆకుపచ్చ చుక్క వెలిగింది.

"అయిపోయిందా?" అన్నాడు పర్శరాములు. కామారెడ్డిలో ఆ కాలేజీని, దాని గ్రంథాలయాన్ని నడిపే విద్యాసంఘానికి ఆయన కార్యదర్శి.

"అయిపోయింది సార్. ఈ పుస్తకం మీ కేటలాగులో చేరింది."

"గింతేనా? మా సుధారాణి ఒక్క పుస్తకం పట్టుకొని గంట కూసుంటది."

కుర్చీల్లో ఉన్న లెక్చరర్లు నవ్వారు. అక్కడి పుస్తకాలకు కేటలాగు రాసే సుధారాణి బీరువా పక్కన నిలబడి ఉంది. నవ్వకపోతే బాగుండదని తనూ నవ్వింది. చేతిలో దుమ్ము తుడిచే గుడ్డ ఉందని అప్పుడు చూసుకొని, దాన్ని మడిచి వెనక్కి పెట్టుకుంది.

ప్రవీణ్ ఇంకో పుస్తకం తీశాడు. ఈ ప్రాంతపు చెరువుల గురించిన పుస్తకం. పాత ప్రతి పాడైందని మొన్ననే కొన్న కొత్త ప్రతి, ఇంకా ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. మళ్లీ టింగుమంది. వివరాలన్నీ వచ్చాయి. అన్నిటికన్నా కింద ఒక వాక్యం వచ్చింది: 'చివరి పుటలు చెదలు తిన్నవి.'

పర్శరాములు తెర వైపు చూసి, చేతిలో మెరుస్తున్న పుస్తకం వైపు చూశాడు. "కొత్త పుస్తకానికి చెదలేంది సారూ?"

ఈసారి నవ్వు ఇంకా గట్టిగా వచ్చింది. ప్రవీణ్ కూడా నవ్వాడు. "ఎక్కడో ఎవరో వాళ్ల కాపీ చూసి రాసి ఉంటారు సార్. నెట్‌లో ఉన్న కేటలాగులన్నీ వెతికి తీసుకొస్తది కదా, ఇట్లాంటివి అప్పుడప్పుడు తగుల్తయి." ఆ వాక్యం మీద వేలు పెట్టాడు. అది మాయమైంది.

సుధారాణికి చెదమట్టి వాసన ముక్కుకు తగిలినట్టయింది. న్యూస్‌పేపరు పరిచి ఆ పుస్తకాన్ని దాని మీద దులపడం, పుటల నడుమ నుంచి మట్టి ఇసుకలా రాలడం, పోయినవి ఏ పుటలో తేల్చుకోవడానికి విషయసూచికను మళ్లీ మళ్లీ చూడడం గుర్తొచ్చాయి. ఆ వాక్యం రాసింది తనే.

చాయ్ వచ్చింది. అందరూ వరండాలోకి పోయారు. ప్రవీణ్ ఒక్కడే ఉండి వైరు చుట్టుకుంటున్నాడు.

"ఆ చెదల ముచ్చట రాసింది నేనే," అంది సుధారాణి.

"ఏంటి మేడం?"

"ఇందాక మీరు తీసేసిన్రు గదా. ఆ పుస్తకం ఈ బీరువలదే. మీ ఫోన్ల వచ్చిన తెలుగు పుస్తకాలు శానావరకు నేను ఎక్కించినయే."

అతను వైరు చుట్టడం ఆపాడు. కోపం రాలేదు అతనికి. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు చూశాడు. "ఎక్కడ ఎక్కించిన్రు?"

లైబ్రరీలన్నీ తమ రికార్డులు పెట్టుకునే ఉమ్మడి కేటలాగు సైటు పేరు చెప్పింది.

"అది అందరూ వాడుకోవచ్చు మేడం. ఎక్కించేటప్పుడు కింద ఒక గడిలో టిక్కు పెట్టమంటది. మీరే పెట్టి ఉంటారు."

"పెట్టిన."

"మరి?"

అతను వైరును సంచిలో పెట్టుకుంటూ, "మంచి పని చేసిన్రు మేడం. మీరు చేయకపోతే ఇవ్వాళ నాకు ఒక్క తెలుగు పుస్తకం దొరికేది కాదు," అన్నాడు. అది మెచ్చుకోలే. అతను మనస్ఫూర్తిగానే అన్నాడని ఆమెకు తెలిసింది. కానీ దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. గుడ్డను మళ్లీ విప్పి మళ్లీ మడిచింది.

సాయంత్రం పర్శరాములు గదిలోకి పిలిచాడు.

"కూసో అమ్మా. చూసినవ్ గదా. ఇగ ఈ పని వాళ్లే చేస్తరు. నువ్వు ఈ నెలాఖరు దాక ఉండు."

"అట్లనే సార్."

"ఇంకోటి. ఎల్లారెడ్డిల మన చదువుకునే రూము ఉన్నది గదా, అండ్ల కోచింగ్ పెడుతున్నం. ఉద్యోగం పరీక్షలు రాసే పిలగాండ్లు కామారెడ్డి దాక ఎందుకు తిరగాలె? జాగ సరిపోతలేదు. మంగళారం ప్రవీణ్ వచ్చి అక్కడి పుస్తకాలు గిట్లనే ఫోన్ల చూస్తడు. దొరికినయి ఉంచుదాం. దొరకనియి తూకానికేద్దాం."

"అక్కడియి పాత పుస్తకాలు సార్. వెనక గీతలు ఉండయి. దొరకవు."

"గీతలు లేకున్నా పేరు పేజీ ఫొటో తీస్తే చాలంట. అదే సదువుకొని ఎతుకుతదంట."

"ఎవరన్న ఎక్కిస్తెనే గద సార్ దొరికేది."

పర్శరాములు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కఠినమైన మనిషి కాదు. "ఇన్నేండ్ల సంది ఎవరూ ఎక్కియ్యలేదంటే, గవి ఎవరికి గావాలె చెప్పు?"

&nbsp;

మర్నాడు పొద్దున కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సెక్కింది. కండక్టరుకు ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ తీసుకుంది. లాప్‌టాప్ సంచి ఒళ్లో పెట్టుకొని కిటికీ పక్కన కూర్చుంది. తాడ్వాయి దాటాక పక్క సీటు ఖాళీ అయింది. బీడీల చాట బట్టలో మూటగట్టుకున్న ఒక పెద్దామె వచ్చి ఆ సీట్లో కూర్చుంది. కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి లింగంపేటకు తిరిగి పోతోంది.

"ఏం పని చేస్తవ్ బిడ్డా?"

"పుస్తకాల పేర్లు కంప్యూటర్ల ఎక్కిస్త అవ్వా."

"పేర్లు పుస్తకాల మీద రాసే ఉంటయి గదనే?"

"ఉంటయి. అవి ఉన్నట్టు ఎవరికీ తెల్వది."

ఆమె తల ఊపింది. కాసేపాగి, "నీకు పిల్లలెందరు?" అని అడిగింది. లేరంది సుధారాణి. "ఇంట్ల ఎవరుంటరు?" నేనొక్కదాన్నే అంది. పెద్దామె లింగంపేటలో దిగేటప్పుడు సుధారాణి మోకాలి మీద చెయ్యి వేసి నొక్కి దిగింది. బస్సు కదిలాక కూడా ఆ చోటు వెచ్చగా అనిపించింది.

చదువుకునే గది ఎల్లారెడ్డిలో ఒక పాత పెంకుటింటి ముందు భాగం. దానికి తాళం వేసేది, తీసేది యాకూబు. అరవై దాటిన మనిషి. పొద్దున పేపర్లు బల్ల మీద పరిచి, వాటి మీద రాళ్లు పెట్టి, వాకిట్లో స్టూలు వేసుకొని కూర్చుంటాడు.

"మంగళారం వస్తున్నరంట గదా చెల్లె," అన్నాడు ఆమెను చూడగానే. "పాత పేపర్లు కొనేటాయనకు చెప్పి పెట్టుమన్నరు నన్ను."

"చెప్పినవా అన్నా?"

"చెప్పిన. చెప్పకుంటే ఊకుంటరా?"

లోపలి గదిలో పుస్తకాలు మూడు గోడల పొడుగునా బీరువాల్లో ఉన్నాయి. నిజామాబాద్‌లోనో కామారెడ్డిలోనో చిన్న ప్రెస్సుల్లో అచ్చయినవి. బడి వార్షికోత్సవ సంచికలు, బీడీ కార్మికుల సంఘం వాళ్లు వేసిన పల్చటి పుస్తకాలు, నాట్లప్పుడు పాడే పాటలు పోగుచేసినవి, ఎవరో పంతులు తన మండలంలోని ఊళ్లకు ఆ పేర్లు ఎలా వచ్చాయో రాసినవి. కిటికీ కింది వరుసంతా ఉర్దూ పుస్తకాలు. సుధారాణి ఎప్పుడు వచ్చినా ఆ వరుసను తుడిచి వదిలేసేది. ఆమెకు ఉర్దూ మాట్లాడడం వచ్చు గానీ చదవడం రాదు.

ఊళ్ల పేర్ల పుస్తకం తీసి, ప్రవీణ్ ఇచ్చి వెళ్లిన యాప్‌లో పేరు పేజీ ఫొటో తీసింది. కాసేపు గుండ్రంగా తిరిగి ఎర్ర చుక్క వచ్చింది. దొరకలేదు. ఇంకోటి తీసింది. ఎర్ర చుక్క. కింద కూర్చొని ఒక వరుసంతా చూసింది. అన్నీ ఎర్రవే.

మళ్లీ మొదటి పుస్తకం చేతిలోకి తీసుకుంది. ఏం చేయాలో అప్పుడు తోచింది. కొత్తదేమీ కాదు, రోజూ చేసే పనే. లాప్‌టాప్ తెరిచి, ఫోను నుంచి నెట్ కలిపి, ఉమ్మడి కేటలాగులోకి పోయింది. అందులోకి పోయే పాస్‌వర్డు, సంఘం ఇచ్చిన ఆ తాళంచెవి, నెలాఖరు దాకా ఇంకా తనదే.

పేరు పేజీ చూసి పేరు కొట్టింది. వెనక పేజీ తిప్పి ప్రెస్సు పేరు, ఊరు చూసింది. సంవత్సరం వేయలేదు. ముందుమాట కింద 'ఉగాది' అని మాత్రమే ఉంది, కానీ అభినందనలు రాసిన తహసీల్దారు సంతకం పక్కన తేదీ ఉంది. దాన్ని బట్టి సంవత్సరం వేసి, ఊహించి వేసింది కనుక చదరపు బ్రాకెట్లలో పెట్టింది. పుటలు లెక్కపెట్టింది. స్కేలు పెట్టి ఎత్తు కొలిచింది. రచయిత పేరులో ఇంటిపేరు పొడి అక్షరంగానే ఉంటే, పుస్తకమంతా తిరగేసి అంకితం పేజీలో ఆయన తండ్రి పూర్తి పేరు పట్టుకుంది. లిపి మార్చే సైటులో ఆ పేరును ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చి, అక్షరాల కింద చుక్కలు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకుంది. విషయాల పట్టికలో 'ఊరిపేర్లు' అని వెతికి, దానికి సరిపడే విషయ శీర్షిక ఎంచుకుంది. చివర్న గడిలో టిక్కు పెట్టి ఎక్కించింది.

వాకిట్లోకి వచ్చి కాసేపు యాకూబు పక్కన నిలబడింది. తిరిగి పోయి అదే పుస్తకాన్ని ఫోనుకు చూపించింది. గుండ్రంగా తిరిగింది. ఆకుపచ్చ చుక్క వచ్చింది.

"ఏమైంది చెల్లె?" అన్నాడు యాకూబు గుమ్మంలోంచి. ఆమె తనకు తెలియకుండానే గట్టిగా ఏదో అంది కాబోలు.

"దొరికిందన్నా."

&nbsp;

ఆ రోజూ మర్నాడూ అదే పని. యాకూబు పుస్తకాలు దులిపి తెచ్చి ఎడమ పక్కన పెడతాడు. ఆమె ఎక్కించి కుడి పక్కన పెడుతుంది. పేపరు చదువుకునేవాళ్లు వచ్చి పోతుంటారు. మధ్యాహ్నం వాళ్లంతా వెళ్లిపోయాక తలుపు ఓరగా వేసి టిఫిన్ బాక్సు తెరుచుకుంటుంది. యాకూబు అన్నానికి ఇంటికి పోతాడు. ఆ గంటసేపు గదిలో ఫ్యాను తప్ప ఏదీ కదలదు. పుస్తకాల పేర్లు పైకి చదవడం ఆమెకు అలవాటు. తన గొంతు తనకే వినబడి ఉలిక్కిపడి ఆగిపోతుంది. మళ్లీ కాసేపటికి చదువుతుంది.

శుక్రవారం దిగువ వరుసల్లో చెయ్యి పెట్టినప్పుడు అర్థమైంది, మంగళవారానికి ఇది తెమిలేది కాదని. ఎంత పరుగెత్తినా సగం కూడా కాదు. పైగా ఉర్దూ వరుస ఉండనే ఉంది.

కేటలాగు పనిచేసేవాళ్ల వాట్సాప్ గుంపు ఒకటి ఉంది. ఎప్పుడో ఒక ఆన్‌లైన్ శిక్షణలో చేరినప్పుడు ఎవరో ఆమెనూ కలిపారు. వందల మంది ఉంటారు. పండుగ శుభాకాంక్షలు, ఉద్యోగ ప్రకటనలు, ఉద్యోగ విరమణ ఫొటోలు వస్తుంటాయి. సుధారాణి అందులో ఎన్నడూ ఏమీ రాయలేదు. ఆ సాయంత్రం తిరుగు బస్సులో కూర్చొని రాసింది. రాసి కొట్టేసింది. మళ్లీ రాసింది.

'నమస్తే. మా ఎల్లారెడ్డి రూములో పాత పుస్తకాలు ఉన్నవి. మంగళవారం లోపల ఉమ్మడి కేటలాగులో లేనివి తూకానికి పోతవి. నా ఒక్కదానితోని అయితలేదు. ఉర్దూ నాకు చదవరాదు. పేరు పేజీల ఫొటోలు పెడుతున్న. ఎవరికన్న వీలైతే ఎక్కించగలరు.'

ఆ రోజు తీసి పెట్టుకున్న ఫొటోలన్నీ వరుసగా పంపింది. అవి పోతూనే ఉన్నాయి. గుంపంతా తన ఫొటోలతో నిండిపోయేసరికి సిగ్గేసింది. ఫోను సంచిలో పెట్టేసింది.

ఇంటికి వెళ్లాక చూసింది. జవాబు లేదు. రైలుగేటు దగ్గర ఆమె అద్దెకుండే గది పక్కనే ఓనర్ల ఇల్లు. గోడ అవతల టీవీ మోగుతోంది, ఎవరో గట్టిగా నవ్వుతున్నారు. అన్నం వండుకొని, గిన్నె తెచ్చుకొని, ఫోను ఎదురుగా పెట్టుకొని తింది. చాలామంది చూసినట్టు టిక్కులు పడ్డాయి. ఎవరూ ఏమీ అనలేదు.

పొద్దున చూస్తే ఆమె ఫొటోల కింద ఒకరు గులాబీ పువ్వుతో శుభోదయం పెట్టారు. దాని కింద ఇంకొకరు చేతులు జోడించారు. అవి పువ్వు పెట్టినాయనకు.

శనివారం ఇంకొన్ని ఫొటోలు పంపాలని తీసింది, పంపలేదు. మళ్లీ ఏమనుకుందో, పంపింది. ఏమీ రాయకుండా ఫొటోలే పంపింది.

ఆదివారం చర్చిలో వెనక వరుసలో కూర్చుంది. ప్రార్థన అవసరాలు ఎవరికైనా ఉన్నాయా అని పాస్టరు అడిగినప్పుడు చెయ్యి లేపబోయి ఆగింది. పుస్తకాల కోసమని ఎలా చెప్పాలి? పక్కనామె కొడుకుకు డెంగీ జ్వరం, అతని కోసం ప్రార్థించారు. బయటికి వచ్చాక ఒకరిద్దరు బాగున్నావా అని అడిగారు. బాగున్న అంది. తిన్నగా బస్టాండుకు పోయింది.

యాకూబు ఆ రోజు సెలవైనా వచ్చి తాళం తీశాడు. "నీకొక్కదానికే ఎందుకమ్మా ఇంత పట్టుదల?" అని అడిగాడు, పుస్తకం దులుపుతూ. "వాళ్లు నీకు ఇంకో నెల జీతమైతే ఇయ్యరు గదా."

"ఇయ్యరు."

"మరెందుకు?"

సుధారాణి ఇంకో పుస్తకం ముందుకు లాక్కుంది. "పారేసుడు తప్పు కాదన్నా. ఏమున్నదో చూడకుండనే పారేస్తే పాణం ఒప్పుతలేదు."

&nbsp;

సోమవారం పొద్దున కరెంటు లేదు. లాప్‌టాప్‌లో ఉన్న చార్జింగ్ మధ్యాహ్నం దాకా వస్తే ఎక్కువ. నాట్ల పాటల పుస్తకం తీసుకుంది. ఎక్కించేముందు ఇప్పటికే ఉందేమో వెతకడం అలవాటు కనుక పేరు కొట్టి వెతికింది.

ఉంది.

నిన్న తనే ఎక్కించి మరిచిపోయిందనుకుంది. రికార్డు తెరిచి చూస్తే ఎక్కించిన సంస్థ గడిలో తమ సంఘం గుర్తు లేదు. ఏవో అక్షరాలు, ఎక్కడిదో కూడా తెలియని లైబ్రరీ. తేదీ నిన్నటిది.

పక్కనున్న ఇంకో పుస్తకం పేరు కొట్టింది. ఉంది. మరో సంస్థ. బీడీ సంఘం వాళ్ల పుస్తకాలు వరుసగా వెతికింది. ఉన్నాయి. అవి ఎక్కించిన మనిషికి తెలుగు కొత్తేమో, ఒత్తులు అక్కడక్కడా తప్పాయి, కానీ ఏ గడీ వదలలేదు. ఇంకొకరెవరో ప్రతి రచయిత పేరు పక్కనా ఆ పేరు ఎక్కడ చూసి తీసుకున్నారో రాశారు. ఇంకొకరు రెండే ఎక్కించారు. ఫొటోలో ఎండ పడి కనబడని ప్రెస్సు పేరును సగం రాసి, తర్వాత చుక్కలు పెట్టారు.

ఆమె లేచి కిటికీ దగ్గరికి పోయింది. ఉర్దూ వరుసలో మొదటి పుస్తకం తీసి, యాప్‌లో ఫొటో పట్టింది. మొదటిసారి సరిగ్గా రాలేదు. రెండోసారి తిరిగింది, తిరిగింది, ఆకుపచ్చ చుక్క వచ్చింది.

ఉర్దూ లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి పుస్తకం పేరు. ఇన్నేళ్లు తుడుస్తూ వచ్చిన ఆ పుస్తకం యునానీ మందుల గురించినదని ఆమెకు మొదటిసారి తెలిసింది. పక్కది పిల్లలకు ఉత్తరాలు రాయడం నేర్పేది. దాని పక్కది నిజాంసాగర్ కాలువ కింద చెరుకు సేద్యం. ఆమె గుమ్మం వైపు తిరిగి, "అన్నా, ఇది చెరుకు పుస్తకమంట," అంది.

"ఏది?"

"ఇదే. ఎర్రట్టది."

యాకూబు వచ్చి చూశాడు. అతనికీ ఆ లిపి రాదు. ఇద్దరూ ఆ అట్ట వైపే కాసేపు చూస్తూ నిలబడ్డారు.

తిరిగి కూర్చొని ఆ రికార్డును పూర్తిగా చదివింది. పుటల గడిలో ఏమీ లేదు. ఎత్తు గడిలో అంకె లేదు, 'సెం.మీ.' అని మాత్రం ఉంది. ముందు చిన్న ఖాళీ. ఏదో తప్పనుకుంది. ఇంకో ఉర్దూ రికార్డు తెరిచింది. అందులోనూ అంతే. అన్నిట్లోనూ అంతే.

అప్పుడు తట్టింది. ఫొటో చూసి పేరు రాయొచ్చు, ఊరు రాయొచ్చు. పుస్తకం ఎంత ఎత్తుందో ఫొటోలో తెలియదు. ఎక్కడో కూర్చున్న ఆ మనిషి దాన్ని ఊహించి వేయలేదు. పుస్తకం దగ్గర ఉన్న మనిషి కొలుచుకుంటుందని ఆ జాగా వదిలారు.

సుధారాణి స్కేలు తీసింది. యునానీ పుస్తకాన్ని బల్ల మీద నిలబెట్టి, స్కేలు ఆనించి పట్టుకుంది. అంకెలు అలికినట్టు కనబడ్డాయి. కొంగుతో కళ్లు తుడుచుకొని మళ్లీ చూసింది. పద్దెనిమిది. ఖాళీలో పద్దెనిమిది వేసింది. ఎడమ నుంచి కుడికి తిప్పుతూ పుటలు లెక్కపెట్టి అవి కూడా వేసింది. చార్జింగ్ అయిపోయేదాకా ఉర్దూ వరుసంతా కొలుస్తూనే ఉంది.

గుంపులో ఇప్పటికీ ఒక్క మాట లేదు. థాంక్స్ అని రాయాలనుకుంది. ఎవరికి రాయాలో తెలియలేదు.

&nbsp;

మంగళవారం పర్శరాములు, ప్రవీణ్ కారులో వచ్చారు. పాత పేపర్లు కొనేవాడు తక్కెడతో, గోనె సంచులతో అప్పటికే వాకిట్లో ఉన్నాడు. ప్రవీణ్ స్టూలు మీద కూర్చొని పేరు పేజీలు ఫోనుకు చూపిస్తుంటే, సుధారాణి ఒక్కొక్కటీ తీసి అందించింది.

ఆకుపచ్చ. ఆకుపచ్చ. ఆకుపచ్చ.

"చూసినవా అమ్మా," అన్నాడు పర్శరాములు. "దొరకవంటివి. మిషిన్ల అన్నీ ఉన్నయి."

"ఉన్నయి సార్."

"మరి ఇన్ని ఉంటే గీ పుస్తకాలకు విలువున్నట్టే గదా. ఎవరో పెద్దపెద్దోళ్లు చూసిన్రన్నట్టు."

ఆమె ఇంకో పుస్తకం అందించింది.

ప్రవీణ్ ఒకచోట ఆగాడు. ఫోనును దగ్గరికి తెచ్చుకొని చదివాడు. వేలితో కిందికి జరిపాడు. ఇంతకుముందు చూసినది మళ్లీ తెరిచాడు, ఇంకోటి తెరిచాడు. తేదీలు చూస్తున్నాడని సుధారాణికి అర్థమైంది. అన్నీ ఈ వారం రోజుల్లోని తేదీలే. తల ఎత్తి ఆమె వైపు చూశాడు. ఆమె చేతిలోని పుస్తకం అట్టను తుడుస్తూ ఉండిపోయింది.

"ఏమైంది?" అన్నాడు పర్శరాములు.

"ఏం లేదు సార్." ప్రవీణ్ వెనక గోడ వైపు చూశాడు. అక్కడ ఇంకా రెండు వరుసలు ముట్టనివి ఉన్నాయి. "సర్వర్ స్లోగా ఉన్నది. మిగిలినవి మధ్యాహ్నం తర్వాత చూద్దామా? అంతవరకు ఎక్కడన్న భోజనం చేసి వద్దాం."

"ఇప్పుడే మంచిగుండె గదా?"

"ఒక్కోసారి ఇట్లనే అయితది సార్."

పర్శరాములుకు ఆకలిగానే ఉంది. ఇద్దరూ గుమ్మం దాటారు. వెళ్తూ వెళ్తూ ప్రవీణ్ బల్ల మీది లాప్‌టాప్‌లో చార్జింగ్ అయిపోవస్తుండడం చూసి, తన చార్జరును దాని పక్కన పెట్టి, "మీ లాప్‌టాప్‌కు సరిపోతది మేడం," అన్నాడు.

తలుపు దగ్గరికి కూడా వేయకుండానే ఆమె కూర్చుంది. యాకూబు చెప్పకుండానే దులపడం మొదలుపెట్టాడు.

వాళ్లు తిరిగి వచ్చేసరికి ఒక వరుస దాకా అయింది. రెండోది కాలేదు. అందులో కొన్నిటికి అసలు పేరు పేజీలే లేవు, ఎవరు చేసినా అయ్యేవి కావు. ఎర్ర చుక్క వచ్చినవన్నీ పక్కన కుప్పగా పడ్డాయి. ప్రవీణ్ వాటిలో కొన్నిటిని రెండుసార్లు, మూడుసార్లు ఫొటో తీశాడు. అయినా ఎర్రదే వచ్చింది. చివరికి వాటిని గోనె సంచిలో వేసి తక్కెడకు ఎత్తారు. సంచీ మూతిలోంచి ఒక పిల్లల పుస్తకం అట్ట కనబడుతోంది, గాలిపటం బొమ్మ. దాన్ని తను చూడనేలేదు. సుధారాణి ముఖం తిప్పుకుంది.

మిగిలినవి ఉండిపోయాయి. వాటిని పెట్టడానికి బీరువాలు రెండు వెనక గదిలోకి జరిపిస్తానన్నాడు పర్శరాములు. కారెక్కుతూ కిటికీ దించి, "నెలాఖరుకు లాప్‌టాపు ఆఫీసుల ఇచ్చిపో అమ్మా," అన్నాడు.

&nbsp;

తర్వాతి నెల మొదటి రోజున ఎప్పటిలాగే లేచింది. స్నానం చేసి, జడ వేసుకొని, టిఫిన్ బాక్సు కడిగి తుడిచింది. దాంట్లో అన్నం పెట్టాల్సిన పని లేదని అప్పుడు గుర్తొచ్చింది. మంచం మీద కూర్చుంది. గోడ అవతల ఓనర్ల పిల్లలు బడికి బయలుదేరుతూ చెప్పుల కోసం గొడవ పడుతున్నారు. కాసేపటికి ఆ చప్పుడూ పోయింది.

ఒక స్కూలు వాళ్లు లైబ్రరీకి మనిషి కావాలంటున్నారని యాకూబు నిన్న ఫోన్ చేసి చెప్పాడు. దాని గురించి చూద్దామని ఫోను తీసింది. గుంపులో ఏదో వచ్చి ఉంది.

ప్రమోద అనే ఆవిడ రాసింది. ఎవరో తెలియదు. పేరు కింద ఏదో దూరపు ఊరు. వానకు వాళ్ల లైబ్రరీ పైకప్పు కారిందట. తడిసిన పుస్తకాలను ఫ్యాను కింద నేల మీద పరిచారు. 'ఆరేలోపల ఇవి ఏమేమిటో రాసిపెట్టాలి, అక్షరాలు అంటుకుపోతున్నాయి, ఎవరైనా సాయం చేయగలరా' అని రాసి, కింద ఫొటోలు పెట్టింది. ఒక ఫొటో మూలలో చెప్పులు లేని పాదం ఒకటి పడింది.

ఫొటోల కింద ఏమీ లేదు.

సంఘం తాళంచెవి ఇప్పుడు పనిచేయదు. సుధారాణి ఫోనులోనే ఉమ్మడి కేటలాగు తెరిచి, కొత్తగా చేరడానికి వివరాలు నింపింది. ఏ సంస్థ అని అడిగిన చోట 'లేదు' అని నొక్కింది. మనిషి పేరు దగ్గర తన పేరు రాసింది. కాసేపటికి లోపలికి రానిచ్చింది.

మొదటి ఫొటోను వేళ్లతో సాగదీసి పెద్దది చేసింది. పేరులో మొదటి రెండు అక్షరాలు తేలిగ్గానే తెలిశాయి. మూడోది నీటికి చెదిరిపోయింది. దాన్ని కొట్టబోతూ బొటనవేలు ఆపింది. ఆ పాదం ఉన్న ఫొటో మళ్లీ చూసింది. తన ఫొటోల కింద ఏ మాటా లేకుండా గడిచిన ఆ రోజులు ఎంత పొడుగ్గా ఉన్నాయో గుర్తొచ్చింది. తనకు సాయపడిన వాళ్లంతా పనిలో పడి ఆ ఒక్క మాట రాయడం మరిచిపోయి ఉంటారు.

గుంపులోకి తిరిగి పోయి ఇలా రాసింది:

'చూసిన అక్కా. మొదటి మూడు నేను చేస్తున్న.'

పంపింది. తర్వాత మళ్లీ ఫొటో తెరిచి, ఆ మూడో అక్షరం ఏమై ఉంటుందో చూడసాగింది.